బీపీ అంకె చెప్పని సంగతి: కిడ్నీలు, ధమనుల్లో గుండె ముప్పు ఆనవాళ్లు

యాభై ఏళ్ల మనుషులు ఇద్దరు ఉన్నారనుకుందాం. ఇద్దరి బీపీ 150/95. ఇద్దరికీ షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు, కొలెస్ట్రాల్ కూడా ఇంచుమించు ఒకటే. బీపీ మిషన్‌కు వీళ్లిద్దరి మధ్య తేడా కనిపించదు. మూత్రం పరీక్ష చేయిస్తే మొదటి వ్యక్తిలో గ్రాము క్రియాటినిన్‌కు 8 మిల్లీగ్రాముల అల్బుమిన్, రెండో వ్యక్తిలో 120 మిల్లీగ్రాములు వచ్చింది. రెండో వ్యక్తికి కాళ్ల వాపు లేదు, నీరసం లేదు, మూత్రంలో నురగ కూడా లేదు. అయినా రాబోయే ఏళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం అతనికి స్పష్టంగా ఎక్కువ.

బీపీ అంకె ఆ క్షణంలో రక్తం నాళాల గోడలపై ఎంత ఒత్తిడి పెడుతోందో మాత్రమే చెబుతుంది. ఆ ఒత్తిడి ఎన్నేళ్లుగా ఉంది, ఈలోగా లోపల ఎంత నష్టం జరిగింది అన్నది చెప్పదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే దెబ్బ తగిలే చోట్లనే చూడాలి. గుండె, మెదడు, కంటి రెటీనా, కిడ్నీలు, పెద్ద ధమనులు ఆ చోట్లు. గుండెకు ఈసీజీ, ఎకో చేయించడం మన దగ్గర బాగానే అలవాటైంది. కిడ్నీ, ధమనుల ఆనవాళ్ల దగ్గరకొచ్చేసరికి లెక్క తలకిందులుగా ఉంది. చవకగా దొరికే, బలమైన సాక్ష్యం ఉన్న పరీక్ష చాలామందికి జరగదు. ఖరీదైన, అంతగా తేల్చి చెప్పలేని పరీక్షలు హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో దర్జాగా కూర్చుంటాయి.

ఇది చిన్న సమస్య కాదు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో 35.5 శాతం మందికి, అంటే దాదాపు 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. ఇంతమందిలో ఎవరికి ముప్పు ఎక్కువో గుర్తించడానికి సులువైన దారి ఉండటం అవసరం.

జల్లెడలో పడే చిల్లు

రెండు కిడ్నీలూ కలిపి శరీర బరువులో అర శాతం కూడా ఉండవు. గుండె పంపే రక్తంలో మాత్రం దాదాపు ఐదో వంతు వాటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. వీటిని గ్లోమెరులస్ అంటారు. ఇవన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్లి, ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటకు వస్తుంది.

అల్బుమిన్ రక్తంలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్న వడపోత గోడ దాన్ని లోపలే ఆపుతుంది. పొరపాటున కొద్దిగా జారినా వెనకాల ఉన్న గొట్టాలు దాన్ని పట్టి వెనక్కి పంపుతాయి. అందుకే ఆరోగ్యవంతుల మూత్రంలో రోజుకు 30 మిల్లీగ్రాముల లోపే కనిపిస్తుంది. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే గ్లోమెరులస్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, నాళాల లోపలి పొర దెబ్బతింటుంది, జల్లెడ రంధ్రాలు సడలుతాయి. అల్బుమిన్ కారడం మొదలవుతుంది.

ఇందులో గుండెకు సంబంధం ఏమిటన్నది అసలు ప్రశ్న. రక్తనాళాలన్నిటి లోపలా ఉండే పలుచని పొర ఒకే రకమైనది. కిడ్నీలో ఆ పొర కారుతోందంటే గుండె, మెదడు, కాళ్ల నాళాల్లోనూ అది పాడవుతూ ఉండవచ్చు. తేడా ఏమిటంటే మిగతా చోట్ల జరిగే నష్టం బయటకు కనపడదు. కిడ్నీలో జరిగేది సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపవచ్చు. డెన్మార్క్‌లోని స్టెనో కేంద్రం పరిశోధకులు 1989లో మధుమేహ రోగుల విషయంలో ఈ వాదనను ముందుకు తెచ్చారు. మూత్రంలో అల్బుమిన్ కిడ్నీ జబ్బుకే పరిమితమైన లక్షణం కాదు, ఒళ్లంతా ఉన్న నాళాల జబ్బుకు గుర్తు అన్నది వారి మాట. షుగర్ లేని బీపీ రోగులకూ ఆ మాట వర్తిస్తుందని తర్వాతి అధ్యయనాల్లో కనిపించింది.

2010లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ఈ సంబంధాన్ని లెక్కల్లో చూపింది. మూత్రంలో అల్బుమిన్‌ను కచ్చితంగా కొలిచిన లక్ష మందికి పైగా ప్రజల సమాచారాన్ని అందులో కలిపారు. గ్రాము క్రియాటినిన్‌కు 5 మిల్లీగ్రాములు ఉన్నవారితో పోలిస్తే 10 ఉన్నవారిలో మరణాల ముప్పు 20 శాతం, 30 ఉన్నవారిలో 63 శాతం ఎక్కువ. 300కు చేరినవారిలో రెట్టింపు దాటింది. వయసు, బీపీ, షుగర్ వంటివాటిని లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన తేడా ఇది. గుండె, రక్తనాళాల జబ్బులతో జరిగే మరణాల్లోనూ ఇదే వరుస. ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 'ఇక్కడిదాకా భద్రం, ఇక్కడి నుంచి ప్రమాదం' అనే గీత ఎక్కడా కనిపించలేదు. ల్యాబ్ రిపోర్టులో 'నార్మల్' అని రాసే 30 అంకె చికిత్స నిర్ణయాల సౌలభ్యం కోసం గీసుకున్నదే.

సీయూఈలో 'నిల్' అంటే నిల్ కాదు

తెలుగు రాష్ట్రాల్లో ఏ ల్యాబ్‌కు వెళ్లినా మూత్రం పరీక్ష అంటే సీయూఈ. రసాయనం పూసిన పట్టీని మూత్రంలో ముంచి, రంగు మార్పును బట్టి అల్బుమిన్ 'నిల్', 'ట్రేస్', 'ఒన్ ప్లస్' అని రాస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో చూడటానికి అది ఉపయోగమే. బీపీ రోగిలో తొలిదశ నష్టాన్ని పట్టుకోవడానికి మాత్రం సరిపోదు. అల్బుమిన్ చాలా పెరిగితేనే ఆ పట్టీ రంగు మారుతుంది. పైగా బాగా నీళ్లు తాగి వచ్చినవారి పలుచని మూత్రంలో ఉన్నది కూడా లేనట్టే కనిపిస్తుంది. మొదట చెప్పిన రెండో వ్యక్తికి సీయూఈ మాత్రమే చేయిస్తే 'నిల్' అనో 'ట్రేస్' అనో రిపోర్టు వచ్చి, ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్లే అవకాశం గట్టిగా ఉంది.

అడిగి చేయించుకోవాల్సిన పరీక్ష పేరు యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో. క్లుప్తంగా ఏసీఆర్. కొన్ని ల్యాబుల్లో పాత అలవాటుగా మైక్రోఅల్బుమిన్ అని కూడా రాస్తారు. చిన్న సైజు అల్బుమిన్ ఏదో ఉందని దీని అర్థం కాదు, తక్కువ మోతాదులో ఉందనే. క్రియాటినిన్ కండరాల నుంచి ఇంచుమించు స్థిరంగా విడుదలయ్యే వ్యర్థం. మూత్రం చిక్కగా ఉన్నా పలుచగా ఉన్నా అల్బుమిన్‌ను దానితో పోల్చి చూస్తే లెక్క సరిపోతుంది. ఒకప్పటిలా 24 గంటల మూత్రాన్ని డబ్బాలో పట్టి ఉంచే బాధ తప్పింది. ప్రైవేటు ల్యాబుల్లో కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది.

ఫలితం గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం. 30 నుంచి 300 వరకు మధ్యస్థంగా పెరిగినట్టు. 300 దాటితే తీవ్రం. నమూనాకు ఉదయం లేవగానే వచ్చే మూత్రం మేలు. జ్వరం, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు చేసిన కఠినమైన వ్యాయామం, నెలసరి, అదుపులో లేని షుగర్, గుండె వైఫల్యం వంటివి ఈ అంకెను తాత్కాలికంగా పెంచుతాయి. రోజు రోజుకూ కూడా ఇది మారుతుంది. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి కంగారు పడకూడదు, ఒక్క రిపోర్టు చూసి ధీమా పడకూడదు. కనీసం మూడు నెలల వ్యవధిలో మళ్లీ చేయించి, మూడింటిలో రెండుసార్లు పెరిగి కనిపిస్తేనే నిర్ధారణ చేస్తారు.

పట్నా మనవడి పరిశోధన

మూత్రంలో అల్బుమిన్‌కూ గుండెకూ ఉన్న ముడిని మొదట గమనించినవారిలో లండన్‌లోని గైస్ హాస్పిటల్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒకరు. చెంచాలో మూత్రం పోసి మంట మీద వేడి చేస్తే కొందరిది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. వాళ్లు చనిపోయాక పరీక్షిస్తే కిడ్నీలు కుంచించుకుపోయి, చాలామందిలో గుండె పెద్దదై ఉండేది. 1827లోనూ 1836లోనూ ఆయన ఈ వివరాలు ప్రచురించారు. కిడ్నీ చెడితేనే ఇదంతా మొదలవుతుందని ఆ కాలం వైద్యులు భావించారు.

ఆ వరుసను తిరగేసిన వ్యక్తికి భారతీయ మూలాలున్నాయి. ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1849లో ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో పుట్టారు. ఆయన తాత షేక్ దీన్ మహమ్మద్ పట్నాకు చెందినవారు. లండన్‌లో తొలి భారతీయ భోజనశాలను 1810లో తెరిచిన దీన్ మహమ్మద్ ఆయనే. మనవడు గైస్ హాస్పిటల్‌లోనే వైద్యం చదువుతూ, నాడి కొట్టుకోవడాన్ని కాగితంపై గీతగా గీసే స్ఫిగ్మోగ్రాఫ్ అనే పరికరాన్ని మెరుగుపరిచారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే రీవా రోచీ పద్ధతి 1896లో గానీ రాలేదు. అంటే బీపీ మిషన్ పుట్టడానికి పాతికేళ్ల ముందే ఆయన ధమనిలోని ఒత్తిడిని గీతల్లో చదివారు.

స్కార్లెట్ జ్వరం వచ్చినవారిలో మూత్రంలో అల్బుమిన్ కనిపించడానికి ముందే నాడి గట్టిపడుతోందని ఆయన గమనించారు. 1874లో ప్రచురించిన పత్రంలో అల్బుమిన్‌కు ముందు దశ ఒకటి ఉంటుందని ప్రతిపాదించారు. కిడ్నీ జబ్బు ఏమీ లేకుండా, పైకి ఆరోగ్యంగా తిరుగుతున్నవారిలోనూ ధమనుల ఒత్తిడి ఎక్కువగా ఉండవచ్చని, అదే తర్వాత కిడ్నీనీ గుండెనూ దెబ్బతీస్తుందని తర్వాతి పత్రాల్లో వివరించారు. ఈరోజు వైద్యులు ప్రైమరీ హైపర్‌టెన్షన్ అని పిలిచేది ఇదే. టైఫాయిడ్‌తో 1884లో కన్నుమూసేనాటికి ఆయన వయసు 35. బీపీ చరిత్ర రాసేటప్పుడు రీవా రోచీ, కొరొట్కాఫ్ పేర్లు ఎప్పుడూ ఉంటాయి. ఈ పేరు అంతగా వినిపించకపోవడం అన్యాయమే.

క్రియాటినిన్ ఒక్కటే చూస్తే

రెండో కిడ్నీ ఆనవాలు రక్తంలో దొరుకుతుంది. క్రియాటినిన్ విలువ, వయసు, స్త్రీ పురుష భేదం కలిపి సూత్రంలో వేస్తే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో అంచనా వస్తుంది. దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. ఇది 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. పైన చెప్పిన లాన్సెట్ విశ్లేషణలో ఈజీఎఫ్ఆర్ 95 ఉన్నవారితో పోలిస్తే 45 ఉన్నవారిలో మరణాల ముప్పు 57 శాతం ఎక్కువ. అల్బుమిన్, ఈజీఎఫ్ఆర్ రెండూ చెడితే ముప్పు మీద ముప్పు చేరుతుంది. ఒకటి బాగుందని రెండోదాన్ని వదిలేయడానికి లేదు.

క్రియాటినిన్ 1.2 దాటలేదు కాబట్టి కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కిడ్నీల పని సగానికి సగం తగ్గేవరకూ కూడా క్రియాటినిన్ కొందరిలో 'నార్మల్' గడిలోనే ఉండిపోతుంది. కండ తక్కువగా ఉన్నవారిలో, వృద్ధుల్లో, మాంసం తినని వారిలో అసలే క్రియాటినిన్ తక్కువ తయారవుతుంది. బక్కపలుచని 68 ఏళ్ల మహిళకు 1.1 వచ్చిందంటే అది కండలు తిరిగిన పాతికేళ్ల యువకుడి 1.1 కాదు. పాశ్చాత్య దేశాల జనాభాపై తయారైన సూత్రాలు భారతీయుల్లో కిడ్నీ పనితీరును ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. అనుమానం ఉన్నప్పుడు సిస్టాటిన్ సి అనే మరో రక్తపరీక్ష దారి చూపుతుంది. అది కండరాలపై అంతగా ఆధారపడదు.

గట్టిపడిన గొట్టం

తోటకు నీళ్లు పెట్టే రబ్బరు పైపు కొత్తగా ఉన్నప్పుడు నొక్కితే వంగుతుంది, వదిలితే పొంగుతుంది. రెండేళ్లు ఎండకు పడి ఉంటే బిరుసెక్కిపోతుంది. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని కూడా అలాంటిదే. గుండె కొట్టిన ప్రతిసారీ అది సాగి కొంత రక్తాన్ని తనలో ఉంచుకుని, గుండె విశ్రాంతి తీసుకునే సమయంలో ముడుచుకుంటూ ముందుకు తోస్తుంది. రోజుకు లక్ష సార్లు, ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకు పైగా ఈ పని జరుగుతుంది. ఆ సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ పోగులు చాలావరకు బాల్యంలోనే తయారవుతాయి. తెగినవి మళ్లీ అంత బాగా పుట్టవు. వయసుతో అందరిలో జరిగే ఈ అరుగుదల బీపీ, షుగర్, పొగాకు ఉన్నవారిలో ముందే వస్తుంది.

ధమని ఎంత గట్టిగా ఉంటే నాడి అల అంత వేగంగా ప్రయాణిస్తుంది. ఇక్కడ రక్తం వేగం వేరు, అల వేగం వేరు. రక్తం బృహద్ధమనిలో సెకనుకు మీటరుకు అటూ ఇటూగా కదులుతుంది. ఒత్తిడి అల దానికంటే ఎన్నో రెట్లు వేగంగా గోడల వెంట పరుగెడుతుంది. మెడ దగ్గర, గజ్జల దగ్గర నాడి అందే సమయాల్లో తేడాను పట్టి, మధ్య దూరంతో లెక్కగడితే వచ్చేదే పల్స్ వేవ్ వెలాసిటీ. యువకుల్లో ఇది సెకనుకు 5, 6 మీటర్లు ఉండవచ్చు. 10 మీటర్లు దాటితే ధమని గట్టిపడినట్టు యూరప్ మార్గదర్శకాలు పరిగణిస్తాయి. 2010లో 17 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో ఈ వేగం సెకనుకు ఒక మీటరు పెరిగినప్పుడల్లా గుండె, నాళాల జబ్బుల ముప్పు సుమారు 14 శాతం పెరిగినట్టు తేలింది. చేతులకూ చీలమండలకూ పట్టీలు కట్టి కొలిచే మిషన్లు కూడా ఉన్నాయి. వాటి అంకెలు వేరే కొలమానంలో వస్తాయి కాబట్టి 10 అనే గీతతో పోల్చకూడదు.

ఈ పరికరం లేని చోట కూడా ధమని బిరుసును కొంత ఊహించవచ్చు. బీపీ రీడింగులో పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే వచ్చేది పల్స్ ప్రెజర్. గట్టిపడిన ధమనిలో అల కాళ్ల దాకా వెళ్లి, గట్టుకు కొట్టుకున్న కాలువ అలలా తొందరగా వెనక్కి వస్తుంది. గుండె ఇంకా రక్తాన్ని తోస్తుండగానే అది ఎదురొచ్చి పై అంకెను పెంచుతుంది. గుండె సేద తీరే సమయంలో ఊతంగా ఉండాల్సిన అల అప్పటికే అయిపోవడంతో కింది అంకె పడిపోతుంది. పెద్ద వయసువారిలో 165/75 వంటి రీడింగ్ చూసి 'కింది బీపీ బాగుంది కదా' అని సంతోషించేవారు చాలామంది. ఆ 90 తేడాయే ధమనుల గురించి చెడు కబురు. వృద్ధుల్లో ఈ తేడా 60 చేరితే దాన్ని ధమనులు బిరుసెక్కిన గుర్తుగా తీసుకుంటారు. గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా ఆ విశ్రాంతి సమయంలోనే కాబట్టి కింది అంకె మరీ పడిపోవడం గుండెకు మేలు కాదు.

మిగతా ధమని పరీక్షల గురించి టూకీగా. చీలమండ దగ్గర పై బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే ఏబీఐ 0.9 లేదా అంతకు తగ్గితే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. అలాంటివారికి గుండె ధమనుల్లోనూ అదే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. 1.4 దాటితే ధమని గోడలో సున్నం పట్టి నొక్కుడుకు లొంగడం లేదని. మెడ ధమని గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌లో కొలిచే పరీక్ష ఒకప్పుడు బాగా వెలిగింది. 2012లో వచ్చిన పెద్ద విశ్లేషణల తర్వాత దాని వెలుగు తగ్గింది. మామూలు లెక్కలకు అది అదనంగా కలిపేది చాలా స్వల్పమని, ఏటేటా ఆ మందం ఎంత మారిందన్న దాన్ని బట్టి ముప్పు తెలియదని తేలింది. అదే స్కాన్‌లో కొవ్వు ఫలకం కనిపిస్తే మాత్రం దానికి విలువ ఉంది. గుండె ధమనుల్లో కాల్షియం చూసే సీటీ స్కాన్ స్టాటిన్ మాత్ర వేసుకోవాలా వద్దా అని తేలనివారికి బాగా పనికొస్తుంది. అందరికీ అక్కర్లేదు.

తూము తెరిచి ఉన్న పొలం

కిడ్నీ ఆనవాళ్లు, ధమని ఆనవాళ్లు వేర్వేరు కథలు కావు. చాలా అవయవాల ముందు చిన్న ధమనులు సగం మూసిన తూముల్లా ఉంటాయి. కాలువలో ఉధృతి పెరిగినా పొలంలోకి నెమ్మదిగానే నీరు చేరుతుంది. కిడ్నీ, మెదడు మాత్రం నిరంతరం ధారాళంగా రక్తం కావాల్సినవి. వాటి తూములు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. బృహద్ధమని మెత్తగా ఉన్నంతకాలం అలల తాకిడిని అదే మింగేస్తుంది. అది బిరుసెక్కాక ప్రతి కొట్టుకూ వచ్చే దెబ్బ నేరుగా కిడ్నీ, మెదడు సన్నని నాళాల్లోకి దిగుతుంది. సిడ్నీ వైద్యుడు మైఖేల్ ఒరూర్క్, పారిస్ వైద్యుడు మిషెల్ సఫార్ 2005లో ఈ వివరణ ఇచ్చారు. బీపీ రోగుల్లో మూత్రంలో అల్బుమిన్, జ్ఞాపకశక్తి తగ్గడం, మెదడు స్కాన్‌లో చిన్న చిన్న మచ్చలు తరచూ జతగా ఎందుకు కనిపిస్తాయో దీనితో అర్థమవుతుంది.

అంకె తెలిస్తే చికిత్స మారుతుందా?

చికిత్సను మార్చని పరీక్షకు డబ్బు పెట్టడం దండగ. ఈ గీటురాయి మీద ఏసీఆర్ నెగ్గుతుంది. మూత్రంలో అల్బుమిన్ ఉన్న బీపీ రోగికి మొదటి వరుసలో టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి ఏఆర్బీలు గానీ, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి ఏసీఈ ఇన్‌హిబిటర్లు గానీ ఎంచుకుంటారు. ఇవి బీపీని తగ్గించడంతోపాటు గ్లోమెరులస్ నుంచి రక్తం బయటకు పోయే నాళాన్ని వదులు చేసి లోపలి ఒత్తిడిని దించుతాయి. తొమ్మిది వేల మందికి పైగా బీపీ రోగులపై జరిగిన లైఫ్ అనే అధ్యయనంలో చికిత్స తొలి ఏడాదిలో అల్బుమిన్ తగ్గినవారికి తర్వాత గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా వచ్చాయి. ఇటీవలి కాలంలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. భారత్‌లో వీటి జెనరిక్‌లు వచ్చాక ధర కూడా దిగింది.

ఈ మందుల విషయంలో రెండు మూడు సంగతులు రోగులకు తెలియాలి. ఏఆర్బీ, ఏసీఈ మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే. 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపరు. రిపోర్టులో పెరుగుదల చూసి బెదిరిపోయి సొంతంగా మానేసేవారు, అసలు రక్షణనే వదులుకున్నవారవుతారు. పొటాషియం కూడా ఒకసారి చూడాలి. ఈ రెండు రకాలనూ కలిపి వాడకూడదు, లాభం కంటే నష్టం ఎక్కువని 2008లోనే తేలింది. గర్భిణులకు ఇవి పనికిరావు. ఇక కీళ్లనొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫినాక్ వంటి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తాయి. ఒకపక్క టెల్మిసార్టాన్ మింగుతూ మరోపక్క రోజూ నొప్పి మాత్ర వేసుకోవడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ధమని బిరుసు విషయంలో సాక్ష్యం ఇంత గట్టిగా లేదు. పల్స్ వేవ్ వేగాన్ని లక్ష్యంగా పెట్టుకుని మందులు పెంచితే ఫలితాలు మెరుగుపడతాయా అని ఫ్రాన్స్‌లో 536 మంది బీపీ రోగులపై పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో గుండె ఘటనలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అధ్యయనం చిన్నది కావడం ఒక కారణం కావచ్చు. ఏదేమైనా ముప్పును ఊహించడంలో ఈ కొలత మంచిదే గానీ, చికిత్సను నడిపించే చుక్కానిగా ఇంకా రుజువు కాలేదు. జేబులో డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబం మెడ డాప్లర్‌కు ముందు ఏసీఆర్, క్రియాటినిన్ చేయించుకోవడమే తెలివైన పని.

మార్గదర్శకాలు కూడా ఇటే నడిచాయి. బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్ చూడాలని యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో చెప్పింది. 2017లో ఏసీఆర్‌ను ఐచ్ఛికంగా ఉంచిన అమెరికా సంఘాలు 2025లో దాన్ని అందరికీ సిఫారసు చేశాయి. గుండె ముప్పును లెక్కగట్టే అమెరికా కొత్త సూత్రం 'ప్రివెంట్'లో ఈజీఎఫ్ఆర్ భాగమైంది, ఏసీఆర్‌ను జోడించే వీలూ ఉంది. దక్షిణాసియా కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన పట్టికల్లో మాత్రం వయసు, లింగం, పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లేదా బరువు సూచీ తప్ప కిడ్నీకి గడి లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ ఉండకపోవచ్చన్న ఆలోచనతో చేసిన పట్టికలవి, ఆ మేరకు సబబే. కానీ వాటిని చూసి 'తక్కువ ముప్పు' అని రాసినవారిలో కొందరి మూత్రంలో అల్బుమిన్ కారుతూ ఉండవచ్చు.

దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైంది. పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రతోపాటు తెలంగాణ అందులో ఉంది. ఒకే చికిత్స విధానం, మందుల నిరంతర సరఫరా, రోగి మళ్లీ వచ్చేలా చూడటం దాని మూల సూత్రాలు. 140/90 లోపు ఎంతమంది వచ్చారన్నదే దాని ప్రధాన కొలమానం. అది సరైన తొలి మెట్టు, ఎందుకంటే ఎన్ని ఆనవాళ్లు కొలిచినా బీపీ దిగకపోతే ఫలితం ఉండదు. మందులు క్రమంగా అందుతున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఏసీఆర్, క్రియాటినిన్ చేర్చడం తర్వాతి మెట్టు.

తెలుగు నేలపై ఒకచోట ఈ లెక్క పూర్తిగా వర్తించదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తదితర మండలాలను పీడిస్తున్న కిడ్నీ జబ్బు గ్లోమెరులస్ కంటే దాని వెనకున్న గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది. చాలామందిలో షుగర్ ఉండదు, బీపీ మొదట్లో ఉండదు, మూత్రంలో అల్బుమిన్ కూడా పెద్దగా కనిపించదు. క్రియాటినిన్ మాత్రం పెరుగుతూ పోతుంది. కాబట్టి అక్కడివారికి, అక్కడి నుంచి వలస వెళ్లినవారికి ఏసీఆర్ బాగున్నంత మాత్రాన కిడ్నీలు బాగున్నట్టు కాదు. బీపీ ఉన్నా లేకున్నా వారికి రక్తంలో క్రియాటినిన్ చూసి ఈజీఎఫ్ఆర్ లెక్కగట్టాల్సిందే.